అతుకుల బొంత – ఎవరి తిట్టు, ఎవరి పని?

తెలుగు సమీక్షల్లో తరచుగా కనపడే మాట ఒకటుంది – ‘అతుకుల బొంత’. నవలలో కథ ఒకే దారిన నడవకపోతే అతుకుల బొంత. వ్యాసంలో సొంత అనుభవమూ సిద్ధాంతమూ పక్కపక్కన కూర్చుంటే అతుకుల బొంత. ఢిల్లీలో నాలుగు పార్టీలు కలిసి ప్రభుత్వం ఏర్పాటు చేస్తే సంపాదకీయాల్లో అదీ అతుకుల బొంతే. నా వ్యాసాల పుస్తకం ఒకదాని గురించి కూడా ఒక సమీక్షకుడు ఈ మాటే రాశాడు. ఆయన పేరు ఇక్కడ అనవసరం. ఆయనొక్కడి మాటే అయితే ఈ వ్యాసం రాయాల్సిన పని కూడా లేదు. ఆయన కొత్తగా ఏమీ అనలేదు, భాషలో సిద్ధంగా ఉన్నదాన్ని తీసి వాడుకున్నాడు. అందుకే దాని గురించి మాట్లాడుకోవాలి.

బొంతని తక్కువ చేసే మాటలు మనకు ఇదొక్కటే కాదు. ఏమీ లేని పిల్లకీ ఏమీ లేని పిల్లాడికీ పెళ్ళి కుదిరితే ‘గంతకు తగ్గ బొంత’ అని నవ్వుతారు. ఇల్లంతా కప్పుకుని పడుకున్న వస్తువు భాషలోకి వచ్చేసరికి పేదరికానికీ పనికిమాలినతనానికీ గుర్తుగా మారింది. ఒక సంగతి గమనించండి. మగవాళ్ళు చేసే ఏ చేతిపని పేరైనా ఇలా తిట్టుగా మారిందా? ఒక పుస్తకాన్ని మెచ్చుకోవాలంటే ‘శిల్పం బాగుంది’ అంటాం. కథాశిల్పం, నవలాశిల్పం అంటాం. రాయి చెక్కే పని విమర్శకుడికి మెప్పు మాట అయింది. బట్ట కుట్టే పని తిట్టు మాట అయింది. రెండూ చేతిపనులే. రెండింటికీ కొలత కావాలి, చూపు కావాలి, ఓపిక కావాలి. తేడా ఎక్కడుందో చెప్పడానికి పెద్ద సిద్ధాంతం అవసరం లేదు.

ఈ రెండు పనులూ పక్కపక్కనే బతుకుతున్న చోటు ఆళ్ళగడ్డ. నంద్యాల నుంచి కడప దారిలో వెళ్తే సుమారు 40 కిలోమీటర్లు. ఆ ఊరి శిల్పులు చెక్కిన దేవుళ్ళు ఎక్కడెక్కడి గుళ్ళకో వెళ్తాయి. ఆళ్ళగడ్డ రాతి శిల్పానికి భౌగోళిక గుర్తింపు ఉంది. అదే జిల్లాలోని బనగానపల్లె మామిడికి 2017లో ఆ గుర్తింపు వచ్చింది. శిల్పానికి రావడం న్యాయం. మామిడికి రావడమూ న్యాయమే. ఆ శిల్పుల ఇళ్ళల్లోనూ, ఆ తోటల్లో కాయలు కోసే కూలీల ఇళ్ళల్లోనూ తరాలుగా ఆడవాళ్ళు కుట్టిన బొంతకి ఊరి పేరు లేదు, కుట్టిన మనిషి పేరు లేదు. తిట్టుగా మాత్రం ఉంది.

కాబట్టి ముందు ఆ పని ఏమిటో చూద్దాం. బొంత మొత్తం అక్కర్లేదు. అంచు పట్టీ కోయడం ఒక్కటి చాలు.

పాత చీరలూ పంచెలూ నాలుగైదు పొరలుగా నేల మీద పరిచి, ముడతలు లేకుండా చేత్తో సాపు చేసి, దబ్బనంతోనో లావు సూదితోనో వరసలు వరసలుగా కుట్టేస్తే బొంత అవుతుందని అనుకుంటాం. అంతవరకే అయితే అది నాలుగు ఉతుకుల్లో పొరలు పొరలుగా విడిపోతుంది. దాన్ని నిలబెట్టేది చుట్టూ వేసే పట్టీ. తడిసిన బొంత ఎంత బరువుంటుందో పిండిన వాళ్ళకే తెలుసు. పిండేటప్పుడు చేతులు పట్టుకునేది అంచుని. దండెం మీద వేసినప్పుడు లాగేది అంచుని. రాత్రి నిద్రలో మెడ దగ్గరికి గుంజుకునేది అంచుని. అందుకే బొంతలో ముందు అరిగేదీ, మధ్య భాగం ఇంకా గట్టిగా ఉండగానే మళ్ళీ మార్చాల్సి వచ్చేదీ అంచే.

ఆ పట్టీ పొడుగ్గా ఉండాలి. ముక్కలు ఎన్ని తగ్గితే అంత మంచిది. పాత బట్టలో అంత పొడుగు ఎక్కడ దొరుకుతుంది? చీర అంచులో. చీర నడిభాగం కూర్చునీ కూర్చునీ, మోకాళ్ళ దగ్గర వంగీ వంగీ జల్లెడ అయిపోతుంది. కింది అంచు నేల మీద రాసుకుని పోతుంది. నడుము దగ్గర దోపుకునే పై అంచు మాత్రం చీర చచ్చినా బతికే ఉంటుంది. అక్కడ నేత కూడా చిక్కన. పడుగు పోగుల వెంబడి కత్తెరతో చిన్న గాటు పెట్టి రెండు చేతులా పట్టి లాగితే, నూలు చీర పోగు తప్పకుండా ఈ కొస నుంచి ఆ కొస దాకా చిరుగుతుంది. గీత గీసి కత్తెరతో కోసినా అంత తిన్నగా రాదు. పడుగు వెంబడి తీసిన పట్టీ సాగదు. పేక వెంబడి తీస్తే కొంచెం సాగుతుంది. ఐమూలగా, టైలర్లు క్రాస్ అంటారే, అలా తీస్తే బాగా సాగుతుంది. వంపు తిరిగే చోటికి అది మంచిదే కానీ నిలువు అంచుకి వేస్తే వదులైపోతుంది. ఈ సంగతి తెలియకుండా ఎవరూ బొంతకి అంచు వేయలేరు.

ఇక లెక్క. 6 అడుగుల పొడుగు, 4 అడుగుల వెడల్పు బొంతకి చుట్టుకొలత 20 అడుగులు. ఐదున్నర మీటర్ల చీరలో అంచు సుమారు 18 అడుగులు. ఒక్క అంచు చాలదు. కింది అంచులో చెడని ముక్క చూసి కలపాలి. రెండు అంచులూ బాగున్న చీర దొరికితే 36 అడుగులు. పెద్ద బొంతకి పోగా 16 మిగులుతుంది. మూలల మడతలకీ అతుకులకీ తీసేసినా 4 అడుగులకి 3 అడుగుల పసిపిల్ల బొంతకి కావలసిన 14 అడుగులు వస్తుంది. ఏ చీర దేనికి, ఏ పట్టీ ఎక్కడికి అన్నది కత్తెర పట్టుకోకముందే తేలిపోవాలి. చింపాక వెనక్కి తిరిగేది లేదు.

పట్టీని బొంత పక్కన పెట్టి కొలిచి కోయకూడదు. కుట్టేటప్పుడు పక్కలు సాగి ఉంటాయి. ఆ కొలతకి కోస్తే అంచు అలలు అలలుగా లేస్తుంది. కొలవాల్సింది బొంత నడిమధ్య. ఆ కొలతకే రెండు పక్కల పట్టీలూ సమానంగా కోసి, సాగిన పక్కని కొంచెం కొంచెంగా దానిలోకి సర్దుకుంటూ కుట్టాలి. రెండు పట్టీల్ని కలిపేటప్పుడు నిలువుగా కాకుండా ఏటవాలుగా కలపాలి, అప్పుడు మందం ఒక్కచోటే పడదు. ఆ అతుకు మూల మీదికి రాకుండా చూసుకోవాలి.

ఇదీ ‘అతుకుల బొంత’. ఇందులో అజాగ్రత్త ఎక్కడుంది? పొందిక లేకపోవడం ఎక్కడుంది? సమీక్షకులు ఏ గుణాలు లేవని చెప్పడానికి ఈ మాట వాడుతున్నారో సరిగ్గా ఆ గుణాలే – ముందుచూపు, కొలత, భాగానికీ మొత్తానికీ మధ్య సంబంధం – ఈ పనికి ప్రాణం. ఒకే తానులోంచి కోసిన దుప్పటికి పొందిక గురించి ఆలోచించాల్సిన అవసరమే లేదు, అది మగ్గం ఇచ్చేసింది. వేరు వేరు చీరలు, వేరు వేరు వయసుల బట్టలు, వేరు వేరుగా సాగే నూళ్ళు ఒకచోట నిలబడాలంటేనే పొందిక అనేది పని అవుతుంది. ‘ఇది అతుకుల బొంతలా లేదు, అంచు సరిగ్గా పడలేదు’ అని ఎవరైనా విమర్శకుడు రాస్తే నేను గౌరవిస్తాను.

ఇంతవరకూ చెప్పింది మాట గురించి. మాట వెనక లెక్క ఉంటుంది. నంద్యాల చుట్టూ ఉన్న నల్లరేగడి పత్తి నేల. అక్కడి పత్తికి మద్రాసు ప్రెసిడెన్సీ వ్యాపారులు ‘నార్తర్న్స్’ అని ప్రత్యేకంగా పేరు పెట్టుకున్నారు. 1906 నుంచి నంద్యాలలో వ్యవసాయ పరిశోధనా స్థానం ఉంది. అక్కడ తయారైన ‘నరసింహ’ పత్తి రకం రైతులందరికీ తెలుసు. అంటే ఆ పత్తికి విత్తనం దగ్గర పేరుంది, బేలు దగ్గర పేరుంది, మిల్లు దగ్గర పేరుంది, చీర అయ్యాక కొట్టు పేరుంది. ఆ చీర చిరిగి ఆడదాని చేతిలోకి వచ్చిన క్షణం నుంచీ పేరు లేదు. అక్కడి నుంచి ఇంకో పదిహేనేళ్ళు ఆ నూలు ఇంటిల్లిపాదికీ వెచ్చదనం ఇస్తుంది. ఆ పదిహేనేళ్ళు ఏ లెక్కలోనూ లేవు.

లెక్క వేసేవాళ్ళు కూడా ఒక పట్టీ కోశారు. ఐక్యరాజ్య సమితి 2016లో కాల వినియోగానికి ఒక వర్గీకరణ చేసింది. మన దేశంలో 2019లో జరిగిన సర్వే దాన్నే అనుసరించింది. అందులో సొంత వాడకానికి బట్టలు తయారు చేస్తే అది వస్తువుల ఉత్పత్తి. ఉన్న బట్టలకి చిరుగులు కుట్టి సరిచేస్తే అది జీతం లేని ఇంటిపని. మొదటిది జాతీయాదాయ లెక్కల గీతకి లోపల, రెండోది బయట. మరి పాత చీరలతో కొత్త బొంత కుడితే అది తయారీయా, మరమ్మతా? పొద్దున అన్నం వండి, మధ్యాహ్నం ఎండలో పిల్లని ఒళ్ళో వేసుకుని నాలుగు వరసలు కుట్టిన మనిషిని ‘ఏం చేశావమ్మా’ అని అడిగితే ‘ఇంట్లోనే ఉన్నా’ అనే చెబుతుంది. గీత ఎటు పడుతుందో చెప్పనక్కర్లేదు. 2024 సర్వేలో జీతం లేని ఇంటిపనుల్లో పాల్గొన్న ఆడవాళ్ళు రోజుకి సగటున 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు వాటికి ఖర్చు చేశారని తేలింది. ఆ 289లో బొంత ఎన్ని నిమిషాలో విడిగా కనపడదు.

2023 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం సంప్రదాయ చేతివృత్తుల వారి కోసం విశ్వకర్మ పథకం మొదలుపెట్టింది. 18 వృత్తుల జాబితా ఉంది. శిల్పి ఉన్నాడు. చేపల వల అల్లేవారు ఉన్నారు. బుట్టలు, చాపలు, చీపుళ్ళు చేసేవారు ఉన్నారు. దర్జీ ఉన్నాడు. బొంత కుట్టే ఆమె లేదు. దర్జీ కింద దరఖాస్తు పెట్టుకోవచ్చు కదా అంటారు. అంటే ఇంకో వృత్తి పేరు అప్పు తెచ్చుకుంటే తప్ప ఆమె పనికి ఉనికి లేదన్నమాట.

‘అది ఆడవాళ్ళకి పుట్టుకతో వచ్చే చేతివాటం, వృత్తి ఎలా అవుతుంది’ అనే వాదన వినే ఉంటారు. ఈ వాదన ఎక్కడికి దారి తీస్తుందో ఉమ్మడి కర్నూలు జిల్లాకి బాగా తెలుసు. 2000 తర్వాతి తొలి ఏళ్ళలో అక్కడి హైబ్రిడ్ పత్తి విత్తన పొలాల్లో ఆడపిల్లలు బడి మానేసి పనిచేశారు. సాయంత్రం మొగ్గ విప్పి కేసరాలు తీసేయాలి, మర్నాడు పొద్దున పుప్పొడి అద్దాలి. దావులూరి వెంకటేశ్వర్లు అధ్యయనాలు దీన్ని ప్రపంచానికి చూపించాయి. ఆడపిల్లల వేళ్ళు నాజూకు, చురుకు అని అప్పుడు చెప్పిన సమర్థన. వేళ్ళ చురుకుతనం నైపుణ్యం అని ఒప్పుకుంటే దానికి ధర కట్టాలి. స్వభావం అంటే కట్టక్కర్లేదు. మొగ్గ విప్పే వేళ్ళకీ పట్టీ చింపే వేళ్ళకీ ఒకే సూత్రం వర్తించింది.

పాత బట్టకి విలువ ఉండదు కాబట్టి బొంతకి విలువ లేదనే వాదనా నిలబడదు. హర్యానాలోని పానిపట్టుకి ప్రపంచం వదిలేసిన ఉన్ని బట్టలు దిగుమతి అవుతాయి. వాటిని పీకి మళ్ళీ నూలు తీసి కంబళ్ళు నేస్తారు. అది పరిశ్రమ. దానికి బ్యాంకు అప్పులున్నాయి, ఎగుమతి లెక్కలున్నాయి. చిరిగిన బట్ట ఫ్యాక్టరీ గేటు దాటితే ముడిసరుకు, గడప దాటి ఇంట్లోకి వస్తే గుడ్డపేలిక!

బయట దేశాల్లో ఏం జరిగిందో కూడా చూద్దాం, ఆశపడటానికీ జాగ్రత్తపడటానికీ. 1971లో న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో అమెరికన్ బొంతల్ని గోడలకి తగిలించి ప్రదర్శించారు. కుట్టినవాళ్ళలో చాలామందికి పేర్లు లేవు. 1973లో పట్రీషియా మైనార్డీ ఒక స్త్రీవాద కళా పత్రికలో దీన్ని గట్టిగా ప్రశ్నించింది. ఆడవాళ్ళు తమ బొంతల మీద సంతకాలు చేసుకున్నారు, చూడటం ఇష్టం లేనివాళ్ళే వాటిని ‘అనామకం’ చేశారని ఆమె వాదన. 2002లో అలబామా రాష్ట్రంలోని గీస్ బెండ్ నల్లజాతి స్త్రీల బొంతలు హ్యూస్టన్‌లోనూ, తర్వాత విట్నీలోనూ ప్రదర్శించారు. బానిసల వారసులు, కూలి చేసుకుని బతికినవాళ్ళు, చిరిగిన పని బట్టలతో కుట్టినవి. ఈసారి పేర్లు వేశారు. గొప్పవన్నారు. అయితే మాటిస్, క్లే లాంటి మగ చిత్రకారులతో పోల్చి గొప్పవన్నారు. 2006లో తపాలా బిళ్ళలు వచ్చాయి. 2007లో అదే ఊరి స్త్రీలు కొందరు తమకి రావలసింది రాలేదని కోర్టుకి వెళ్ళారు. తర్వాత అది రాజీతో ముగిసింది. పేరు రావడం వేరు, డబ్బు రావడం వేరు, హక్కు రావడం వేరు. ఒకటి వస్తే మూడూ వచ్చినట్టు కాదు.

మన పక్కనే సండూరు లంబాణీ కుట్టుపనికి భౌగోళిక గుర్తింపు ఉంది. బెంగాల్ నక్షీ కాంథాకీ ఉంది. ఆ కాంథా అన్న మాటా, మన ‘కంథ’ అన్న మాటా ఒకటే – అతుకుల గుడ్డ. సన్యాసి కప్పుకుంటే అది వైరాగ్యం. బెంగాల్ చీర మీదికెక్కితే కళ. నంద్యాల పంచలో ఉంటే బొంత.

ఇప్పుడు మన సంగతి. అంటే ఈ పేజీలు చదివే, రాసే మన సంగతి.

తిట్టుని తీసుకుని తలకి చుట్టుకోవడం మనకి కొత్త కాదు. స్త్రీవాద కవిత్వాన్ని ‘నీలి’ అని తిడుతున్న రోజుల్లోనే, 1993లో ఓల్గా సంపాదకత్వంలో వచ్చిన సంకలనం పేరు ‘నీలిమేఘాలు’. అదే పద్ధతిలో బొంతని కూడా మన జెండాగా చేసుకుందామని చాలామందికి అనిపిస్తుంది. సెమినార్లలో వింటూనే ఉన్నాం. స్త్రీల రచన బొంత లాంటిది, సోదరీత్వం బొంత లాంటిది, జ్ఞాపకం బొంత లాంటిది. వినడానికి బాగుంటుంది. కానీ రెండు తిట్లూ ఒకటి కాదు. ‘నీలి’ అన్నది మన మీద వేసిన తిట్టు, మనం తీసుకోవచ్చు. ‘బొంత’ ఇంకొకరి పని. ఆ పని చేసే మనిషిని పక్కన పెట్టి ఆమె వస్తువుని పోలికగా తీసుకుంటే, సమీక్షకుడు తిట్టుగా చేసిన పనినే మనం పొగడ్తగా చేస్తున్నాం. ఇద్దరికీ ఆమెతో పనిలేదు. ఆలిస్ వాకర్ 1973లో రాసిన ‘ఎవ్రీడే యూజ్’ కథ మన ఎమ్మే క్లాసుల్లో చెబుతూనే ఉంటాం. అమ్మమ్మ బొంతల్ని గోడకి తగిలించాలనుకునే చదువుకున్న కూతురికి కాకుండా, రోజూ కప్పుకునే కూతురికి ఇస్తుంది ఆ తల్లి. ఆ కథ పాఠం చెప్పే మనం ఆ ఇద్దరు కూతుళ్ళలో ఎవరం?

బొంతలో కులం కూడా ఉంది. కలిగిన ఇంట్లో బొంత కుట్టేది ఆ ఇంటి ఆడవాళ్ళే కానక్కర్లేదు. పొలంలో పనిచేసే మనిషి తీరిక వేళ వచ్చి కుట్టి, గింజలో పాత చీరో తీసుకుని వెళ్ళేది. ఊరూరా తిరుగుతూ బొంతలు కుట్టే సంచార కులాల ఆడవాళ్ళున్నారు. ఎవరి చీర, ఎవరి చేయి, ఎవరి నిద్ర – ఈ మూడూ ఒకటి కానప్పుడు ‘మన అమ్మమ్మల బొంత’ అని బహువచనంలో మాట్లాడటం చాలా సుఖమైన అబద్ధం. స్త్రీలందరినీ ఒకే చీరలోంచి చింపిన పట్టీలుగా చూడొద్దని దళిత స్త్రీలు మనకి ఎప్పుడో చెప్పారు. గోగు శ్యామల సంపాదకత్వంలో ‘నల్లపొద్దు’ వచ్చింది. అన్ని బట్టలూ ఒకేలా సాగవు.

‘బొంత ఎలాగూ పోతోంది, నంద్యాల బజార్లో మింక్ దుప్పట్లు దొరుకుతున్నాయి, ఆడవాళ్ళకి చాకిరీ తప్పింది, మీకెందుకు బాధ’ అని అడగొచ్చు. సరైన ప్రశ్నే. సింథటిక్ చీరలు వచ్చాక అంచు చేత్తో తిన్నగా చిరగదు, కత్తెరతో కోస్తే పోగులు లేస్తాయి, సూది జారుతుంది. కుట్టడం మానేసిన మనిషిని చూసి నేను సంస్కృతి పోయిందని ఏడవను. ఆమె నడుం నొప్పి గురించి కవిత రాయను. వేళ్ళ నొప్పి లేకుండా పడుకోవడం ఆమె హక్కు. కుట్టడం కొనసాగాలని కాదు నా వాదన. కుట్టినన్నాళ్ళూ అది పని అని ఒప్పుకోవాలి, ఇప్పటికీ కుడుతున్న వాళ్ళకి దాని ధర దక్కాలి అని.

కాబట్టి కొన్ని అడగాలి. హైదరాబాదు ఎగ్జిబిషన్లలో ‘పాత చీరల బొంత’ కొంటే దాని మీద కుట్టిన మనిషి పేరు, ఊరి పేరు ఉందా అని అడుగుదాం. లేకపోతే ఎందుకు లేదని అడుగుదాం. చేతివృత్తుల జాబితాలో బొంత కుట్టడాన్ని దాని సొంత పేరుతో చేర్చమని అడుగుదాం. 2022లో నంద్యాల జిల్లా అయింది, కొత్త జిల్లాకి కొత్త చేతివృత్తుల నమోదు ఉండాలి, అందులో ఈ వరస ఉండాలి. యూనివర్సిటీల్లో పనిచేసే మిత్రులు బొంత మీద సెమినార్ పెడితే కుట్టే ఆమెని దీపం వెలిగించడానికి కాదు, కొలత ఎలా తీస్తారో చెప్పడానికి పిలవండి. మీకిచ్చే రెమ్యునరేషనే ఆమెకీ ఇవ్వండి. అలా ఇవ్వలేని సెమినార్‌కి బొంత అన్న మాట వాడుకునే హక్కు లేదు.

సమీక్షకులకి చెప్పేది తక్కువ. పుస్తకంలో పొందిక లేకపోతే పొందిక లేదని రాయండి. తొందరపడి రాస్తే తొందరపడ్డారని రాయండి. తెలుగులో దానికి మాటలకి కరువు లేదు. 20 అడుగుల పట్టీని ఒక్క పోగు తప్పకుండా చింపగలిగిన మనిషి పని పేరుని మాత్రం దానికి వాడకండి.